చెరువు అడుగున ఎర్రపురుగులు

చెరువు అడుగునుండి పిడికెడు బురదను తీసి తెల్లని పళ్లెములో కడిగి చూచినచో, రక్తమువలె ఎర్రనైన సన్నని పురుగులు మెలికలు తిరుగుచు కనబడుట కలదు. చాలకాలము కడుగని నీటితొట్టెలలో కూడ ఇవి కనబడును. కొందరు వీటిని జలగపిల్లలని తలతురు; మరికొందరు దోమపిల్లలని వెంటనే మందు చల్లుదురు. నిజమునకు ఇవి కైరోనామిడే అను కుటుంబమునకు చెందిన కీటకముల డింభకములు. ఆ కీటకములు ఆకారములో దోమలను పోలియుండును గాని కుట్టవు. మలేరియావంటి జ్వరములను వ్యాపింపజేయవు.

ఈ భేదము తెలియనిచో రెండు విధముల నష్టము కలదు. దోమపిల్లలని భ్రమించి వీటిని చంపినచో చెరువులోని చేపలకు మంచి ఆహారము పోవును. ఎర్రపురుగులే కదా యని దోమపిల్లలను విడిచిపెట్టినచో ఊరిలో జ్వరములకు దారి యేర్పడును. ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. నీటి అడుగున ప్రాణవాయువు ఏ స్థితిలో నున్నదో ఈ పురుగులు సూచింపగలవు. ఆ సూచనను గ్రహింపవలెనన్న ముందుగా వీటిని సరిగా గుర్తించుట నేర్వవలెను.

కుట్టని దోమ

మైగెన్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు 1803లో ఈ కీటకములలో ఒక ప్రజాతికి కైరోనామస్ అని పేరు పెట్టెను. చేతులతో అభినయించువాడని ఆ గ్రీకు పదమునకు అర్థము. వాలియున్నప్పుడు ఈ కీటకము ముందుకాళ్లను ఎత్తి ముందునకు చాచును. దోమ సాధారణముగా వెనుకకాళ్లను ఎత్తును. దోమకు పొడవైన తొండము, రెక్కలమీద పొలుసులు ఉండును. దీనికి ఆ రెండును లేవు. సాయంకాలమున నీటి యొడ్డున పొగస్తంభమువలె లేచు గుంపులలో ఎక్కువ భాగము మగవి. ఆడకీటకము ఆ గుంపులో ప్రవేశించి జతకూడి, జిగురుముద్దలో నీటియందు గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క ముద్దలో వందలకొలది గ్రుడ్లుండును.

గ్రుడ్డునుండి వెలువడిన డింభకము మూడుసార్లు చర్మము విడిచి నాలుగు దశలలో పెరుగును. వెచ్చని నీటిలో దీనికి కొలది వారములు చాలును; చలిదేశములలోని లోతైన సరస్సులలో ఒక సంవత్సరమో, అంతకంటె ఎక్కువయో పట్టును. పిమ్మట కోశస్థదశ. కోశస్థము నీటిపైకి తేలగానే దాని చర్మము పగిలి ప్రౌఢకీటకము ఎగిరిపోవును. ప్రౌఢకీటకము బ్రతుకునది కొలది దినములే. జీవితములో అధికభాగము డింభకముగనే గడచుచున్నందున, నీటిని పరీక్షించువారు ముఖ్యముగా డింభకమునే ఎరుగవలెను.

గుర్తించు విధము

బురదను సన్నని జల్లెడలో కడిగి, మిగిలినదానిని నీరుపోసిన తెల్లని పళ్లెములో పరచవలెను. కదలిన పురుగును కుంచెతో తీసి భూతద్దము క్రింద చూడవలెను. ఈ డింభకమునకు గట్టి శిరస్సు, దాని వెనుక కణుపులు గల సన్నని శరీరము ఉండును. శిరస్సునకు వెనువెంటనే క్రిందివైపున ఒక జత, శరీరపు చివర మరియొక జత, కీళ్లులేని పొట్టికాళ్లు కలవు. వాటి కొనలయందు చిన్న కొక్కెములుండును. ముందు రెండు, వెనుక రెండు కాళ్లుండుటయే ముఖ్యమైన గుర్తు.

దోమపిల్లకు కాళ్లే లేవు. దాని వక్షము ఉబ్బి యుండును. గాలికొరకు అది మాటిమాటికి నీటిపైకి వచ్చును. అదే బురదలో ట్యూబిఫెక్స్ అను ఎర్రని పురుగు కూడ దొరకవచ్చును. అది వానపాము బంధువు. దానికి గట్టి శిరస్సు గాని, కాళ్లు గాని లేవు. పారునీటిలో రాళ్లనంటుకొని యుండు సిమూలియమ్ డింభకమునకు వక్షము క్రింద ఒకే పొట్టికాలు ఉండును. దాని శరీరము చివర లావుగా నుండును.

ఈ కుటుంబములో ఇంతవరకు 6,000 కంటె ఎక్కువ జాతులు వర్ణింపబడినవి. వీటి డింభకములన్నియు ఎర్రనివి కావు. పచ్చనివి, తెల్లనివి, పసుపువన్నెవి కూడ కలవు. ఆల్కహాలులో నిలువచేసినచో రంగు క్రమముగా పోవును గనుక, ముందే దానిని వ్రాసికొనవలెను.

ఉపకుటుంబమును తెలిసికొనుటకు శిరస్సును సూక్ష్మదర్శిని క్రింద చూడవలెను. నోటి క్రింద రంపమువలె పండ్లు గల ఫలక మొకటి కనబడును. దానికి రెండువైపుల చారలు గల విసనకర్రలవంటి రేకులున్నచో అది కైరోనామినే ఉపకుటుంబము. స్పర్శశృంగములను శిరస్సు లోపలికి ముడుచుకొనగలిగినచో అది టానిపోడినే. వీటిలో పెక్కులు ఇతర చిన్న జీవులను వేటాడును. జాతిని నిర్ణయించుట ఇంతకంటె కష్టము. అందుకై ఒక్కొక్క డింభకమును వేరువేరు గాజుగొట్టములలో పెంచి, అది విడిచిన చర్మములను, వెలువడిన ప్రౌఢకీటకమును కలిపి పరీక్షింతురు. పాఠశాలలో ఉపకుటుంబమువరకు తెలిసినను చాలును.

ఎరుపు రంగు దేనికి?

కీటకములలో సాధారణముగా ప్రాణవాయువును దేహమంతట చేర్చునవి వాయునాళములే గాని రక్తము కాదు. కైరోనామస్ డింభకము ఇందుకు భిన్నము. మనుష్యుని రక్తములోవలె దీని రక్తములోను హీమోగ్లోబిన్ కలదు. అయితే మనుష్యునిలో అది రక్తకణముల లోపల ఉండగా, దీనిలో రక్తద్రవమునందే కరగియున్నది. ఈ హీమోగ్లోబిన్ అత్యల్పమైన ప్రాణవాయువును కూడ పట్టుకొనగలదు.

ఈ డింభకము తన పట్టుదారముతో బురదను అల్లి గొట్టము కట్టుకొని, అందులో శరీరమును అలలవలె కదల్చి నీటిని లోనికి లాగును. ఆ నీటితో ప్రాణవాయువు, ఆహారము రెండును వచ్చును. ప్రాణవాయువు తగ్గిన నీటిలో కూడ హీమోగ్లోబిన్ సాయముననే ఈ పురుగు ఆహారమును వడగట్టుకొనగలుగుచున్నదని ఇంగ్లండులో బార్బరా వాల్ష్ తన పరిశోధనల వలన 1950 ప్రాంతమున చూపెను. నీటిలో ప్రాణవాయువు పూర్తిగా లేనిచో నిలువ యున్నది కొలది నిమిషములకే సరిపోవును. కావున హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కొట్టు అనుటకంటె, కరవులో నడచు బండి అనుట తగును.

నీటికి సాక్షి

జర్మనీలోని ఐఫెల్ ప్రాంతమున అగ్నిపర్వతముల వలన ఏర్పడిన గుంటలలో సరస్సులు కలవు. ఆగస్ట్ థీనమన్ అను శాస్త్రజ్ఞుడు వాటి అడుగుననున్న ఈ డింభకములను పరిశీలించి 1915లో తన ఫలితములను ప్రకటించెను. లోతైన సరస్సుల అడుగున వేసవిలో కూడ ప్రాణవాయువు మిగిలియుండెను. అచట టానిటార్సస్ జాతులు నివసించుచుండెను. క్రుళ్లు పదార్థము ఎక్కువై ప్రాణవాయువు తరగిపోవు సరస్సులలో కైరోనామస్ జాతులు నివసించుచుండెను. నీటి లోతున జరుగుదానిని అచటి జీవులే తెలుపునను భావము దీనివలన బలపడెను.

కాని తొందరపడి తీర్పు చెప్పరాదు. జర్మనీ సరస్సుల లెక్క ఎండకు కాగు లోతులేని చెరువునకు ఉన్నదున్నట్లు వర్తింపదు. ఒక ఎర్రపురుగు కనబడినంతమాత్రమున నీరు చెడినదనుట పొరపాటు; మంచి చెరువులో కూడ అవి కొన్ని యుండును. ఇతర పురుగులు, నత్తలు, తూనీగపిల్లలు తగ్గిపోయి ఎర్రపురుగులును, ట్యూబిఫెక్స్‌లును మాత్రమే కోకొల్లలుగా మిగిలినప్పుడు అనుమానింపవలెను. పండ్లఫలకము ఆకారము చెడియున్న డింభకములు కొన్ని కెనడా సరస్సులలో దొరికినవని 1971లో వెల్లడియైనది. లోహములవంటి విషపదార్థములు అట్టి వికృతికి కారణము కాగలవని తరువాతి పరిశోధనలు సూచించినవి.

పాఠశాలలో చేయదగిన పరిశీలన

ఉపాధ్యాయుని వెంట విద్యార్థులు ఒకే చెరువులో మూడు తావులను ఎన్నుకొనవచ్చును: వాగు వచ్చి చేరుచోటు, ఊరిమురుగు కలియుచోటు, ఈ రెండింటికి దూరమైన ఒడ్డు. మూడు తావులందు ఒకే కొలత పాత్రతో బురద తీసి, దొరికిన జీవులను రకములవారీగా లెక్కించి, తేదీతో వ్రాసియుంచవలెను. నెలకొకసారి ఇట్లు చేసినచో ఏడాదికి ఆ చెరువు చరిత్ర కొంత తయారగును. లోతునీటిలోనికి దిగరాదు, పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఎండిన ఎర్రపురుగుల పొడి కొందరికి తుమ్ములు, ఆయాసము కలిగించును గనుక దానిని పీల్చరాదు.

చేపల చెరువులలో ఎర్రమోసు, బంగారుతీగవంటి చేపలు అడుగున మేయును. అవి తిను ఆహారములో ఈ డింభకములును చేరియున్నవి. ఇవి బురదలో క్రుళ్లిన పదార్థమును తిని పెరుగును. చేపలు వీటిని తినును. మిగిలినవి రెక్కలు పొంది ఎగిరి పక్షులకును, తూనీగలకును ఆహారమగును. కావున తొట్టెలోగాని, చెరువులోగాని మందు చల్లుటకు ముందు ఆ పురుగునకు ముందు రెండు, వెనుక రెండు పొట్టికాళ్లు ఉన్నవో లేవో భూతద్దముతో ఒక్కసారి చూచుట మంచిది.