మా హాజరు పట్టీలో జర్మన్ పేర్లు

ఆగిరిపల్లి నుంచి నూజివీడు వెళ్లే దారిలో మాకున్న తోటంతా రసాలూ, బంగినపల్లే. మా మామగారు ఎప్పుడో సరదాపడి తెచ్చి గట్టు మీద నాటిన ఆల్ఫోన్సో అంటు ఒక్కటే పరాయిది. మా నేలకు అది సరిగ్గా రాదు. కాయ చూడముచ్చటగా ఉంటుంది, కోస్తే ఒక్కోసారి లోపల తెల్లగా పాడైపోయి ఉంటుంది. తోట గుత్తకు తీసుకునేవాళ్లు దాన్ని లెక్కలో వేసుకోరు. పేరు చేసిన ప్రయాణం చూస్తే మాత్రం తోటలో దానిదే పెద్దది.

1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసు సేనాని అఫోన్సో ద అల్బుకెర్క్ పేరు మీదుగా ఆ మామిడికి ఆ పేరొచ్చింది. పోర్చుగీసువాడి పేరు కాబట్టి లాటిన్ అయ్యుంటుందనుకుంటాం. కాదు. ఐదో శతాబ్దం నుంచి 711 దాకా స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలను ఏలిన విసిగోతులు జర్మానిక్ తెగవాళ్లు. వాళ్ల రాజ్యం పోయింది, భాషా పోయింది, పేర్లు మిగిలాయి. అఫోన్సోలో రెండో ముక్క ‘ఫున్స్’, అంటే సిద్ధంగా ఉన్నవాడు. మొదటి ముక్క ‘గొప్ప వంశం’ అని కొందరు పండితులు, ‘పోరు’ అని ఇంకొందరు. ఏది నిజమైనా, ఆ పేరిప్పుడు పండు మీదుంది.

ఈ గొడవలోకి నన్ను దింపింది మా అమ్మాయి. ఉండేది జర్మనీలో, నెలలు నిండుతున్నాయి. “అమ్మా, నువ్వు తెలుగు టీచరువి కదా, మనవాళ్లూ ఇక్కడివాళ్లూ ఇద్దరూ పలకగలిగే పేరు చూసిపెట్టు. ఇక్కడి పేర్లకు అర్థాలేంటో కూడా చూడు, నవ్వులపాలు కాకుండా” అంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏళ్లతరబడి హాజరు పిలిచిన గొంతు నాది. పేర్లంటే నాకు మొదటినుంచీ పిచ్చి.

చూడటం మొదలెట్టాక మొదట గుర్తొచ్చింది ఆ హాజరు పట్టీయే. శోభనాద్రి, తిరపతమ్మ, నాంచారయ్య, వాళ్ల పక్కనే విలియం, రాబర్ట్, ఆల్బర్ట్, హెన్రీ, చార్లెస్, ఎమ్మా. వీటిని ఇంగ్లీషు పేర్లని పిలిచేవాళ్లం. తీరా చూస్తే ఒక్కటీ ఇంగ్లండులో పుట్టింది కాదు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమైనట్టే గోతులు, ఫ్రాంకులు, శాక్సన్ల భాషలన్నీ జర్మానిక్ కుటుంబం. ఫ్రాంకుల పేర్లు ఫ్రెంచిలోకి వెళ్లి, 1066లో నార్మన్ల వెంట ఇంగ్లండు చేరి, అక్కడినుంచి ఓడెక్కి మన దగ్గర దిగాయి. జర్మనీలో ఉండిపోయినవి విల్‌హెల్మ్, రూపెర్ట్, ఆల్బ్రెష్ట్, హైన్రిష్, కార్ల్ అయ్యాయి.

మా వైపు అవి దిగిన రేవు కూడా దూరం కాదు. నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది గానీ అంతకుముందు మాది కృష్ణా జిల్లా, మచిలీపట్నమే మా జిల్లా కేంద్రం. 1841లో ఆ బందరులో దిగిన ఇద్దరు మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్. నోబుల్ 1843లో పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. రాబర్ట్ అంటే ‘కీర్తి’, ‘వెలుగు’. హెన్రీ అంటే ‘ఇల్లు’, ‘ఏలిక’. క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబాలు దొరల పేర్లు పిల్లలకు పెట్టుకున్నాయి. అలా మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టిన పిల్లవాడు, ఊళ్లో కామందు పేరు పెట్టుకునే వీల్లేని రోజుల్లో, రాజుల పేరుతో బడికొచ్చాడు. ఆ తల్లిదండ్రులకు మాటమూలాలు తెలియకపోవచ్చు, చేస్తున్న పని మాత్రం బాగా తెలుసు.

ఇక ఆ పేర్లు ఎలా కట్టారంటే, అచ్చం మా తోటల్లో అంటు కట్టినట్టే. టెంక నుంచి లేచిన మొలకను కోసి, మనకు కావలసిన చెట్టు కొమ్మ దాని మీద అతికించి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టేస్తాం. పాత జర్మన్లూ అంతే. వాళ్ల దగ్గర కొన్ని పదుల మాటలున్నాయి. అందులోంచి రెండు తీసి ఒకదానికొకటి అతికించేవాళ్లు. ‘ఫ్రిదు’ శాంతి, ‘రిహ్’ ఏలేవాడు, కలిపితే ఫ్రీడ్రిష్. ‘విల్’ సంకల్పం, ‘హెల్మ్’ శిరస్త్రాణం, కలిపితే విల్‌హెల్మ్. ‘హ్లుద్’ పేరుమోసిన, ‘విగ్’ యుద్ధం, కలిపితే లుడ్‌విగ్, ఫ్రెంచిలో లూయీ. ఆడపిల్లలకూ మెత్తటి మాటలేమీ ఏరలేదు. గెర్ట్రూడ్‌లో బల్లెమూ బలమూ ఉన్నాయి. మాటిల్డాలో బలమూ పోరూ ఉన్నాయి. బ్రూన్‌హిల్డె అయితే కవచం తొడుక్కుని యుద్ధంలో ఉంటుంది. మన వీరలక్ష్మి కూడా వీళ్ల ముందు సౌమ్యురాలే.

యుద్ధానికే వాళ్లకు హిల్డ్, గుండ్, విగ్, హాదు అని నాలుగు మాటలున్నాయి. పేర్ల పుస్తకాలు చదివేవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. రెండు ముక్కలనూ కలిపి ఒక వాక్యంలా అర్థం చెప్పబోతారు. ‘శాంతితో ఏలేవాడు’ అంటే వినడానికి బాగానే ఉంటుంది. మరి హిల్డెగుండ్ అనే పేరుంది, ముక్కలు విడదీస్తే ‘పోరు-పోరు’. ఫ్రెడెగుండ్ అని ఆరో శతాబ్దంలో ఒక ఫ్రాంకు రాణి ఉండేది, 597లో పోయింది. ఆవిడ పేరు ‘శాంతి-యుద్ధం’. దీనికి అర్థం చెప్పమంటే ఏ పండితుడు చెప్తాడు? వాళ్లకు కావలసింది మొత్తం పేరు అర్థం కాదు, ముక్క. తండ్రి పేరులోదో తాత పేరులోదో ఒక ముక్క బిడ్డకు రావాలి, ఫలానా ఇంటివాడని వినగానే తెలియాలి. తొమ్మిదో శతాబ్దంలో రాసిన ఒక పాత జర్మన్ వీరగాథ ఉంది. అందులో తాత హెరిబ్రాండ్, తండ్రి హిల్డెబ్రాండ్, కొడుకు హాదుబ్రాండ్. మూడు తరాలకూ మొదటి అక్షరం ‘హ’, చివరి ముక్క ‘బ్రాండ్’. ‘బ్రాండ్’ అంటే కత్తి అనో నిప్పు అనో చెప్తారు.

నూజివీడు వాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. మా జమీందార్లు మేకా వారి వరస చూడండి: వెంకటాద్రి అప్పారావు, శోభనాద్రి అప్పారావు, నారయ్య అప్పారావు, ధర్మా అప్పారావు, మా కాలానికి వైస్ చాన్సలర్‌గా పేరు తెచ్చుకున్న రంగయ్య అప్పారావు గారు. వెనక ముక్క కదలదు, ముందు ముక్క మారుతుంది. అందులో శోభనాద్రి మా ఆగిరిపల్లి కొండ పేరే. కొండ మీద దేవుడు శోభనాచల స్వామి. ఆ పేరు కోటలోనూ ఉంది, కూలివాళ్ల గుడిసెల్లోనూ ఉంది. నేను పిలిచిన శోభనాద్రుల్లో ఒక్కడూ రాజుగారి బంధువు కాదు.

మన మామూలు ఇళ్లలో మాత్రం? వెంకట సుబ్బమ్మ అంటే ఏమిటి? తిరుమల దేవుడూ సుబ్రహ్మణ్యుడూ. మొత్తం పేరుకు అర్థం అడిగినవాడు లేడు. వెంకన్న మొక్కు ఒకరిది, సుబ్బరాయుడి మొక్కు ఇంకొకరిది, పిల్ల ఒక్కతే. శివరామకృష్ణ పేరులో ముగ్గురు దేవుళ్లున్నారు, వాళ్ల మధ్య తగువేమీ రాలేదు. ఈమధ్య అమ్మ పేరులో ఒక అక్షరం, నాన్న పేరులో రెండు అక్షరాలు కలిపి కొత్త పేర్లు అల్లుతున్నారని నేనూ సణిగినదాన్నే. కానీ అది వెయ్యేళ్ల కిందటి జర్మన్ పద్ధతే. ఒక్క తేడా ఉంది. వాళ్లు కలిపింది మాటల్ని, మనం కలుపుతున్నది అక్షరాల్ని.

అన్ని పేర్లూ రెండు ముక్కలవి కావు. కార్ల్ ఒంటి మాట. అర్థం ‘మామూలు స్వతంత్రుడు’, గొప్ప వంశమేమీ కాదు. ఆ మామూలు పేరున్న కార్ల్ 814లో పోయేనాటికి సగం ఐరోపాకు చక్రవర్తి. చెక్, పోలిష్, రష్యన్ భాషల్లో ‘రాజు’ అనే మాట అతని పేరు నుంచే వచ్చింది.

పన్నెండు, పదమూడు శతాబ్దాలకు చర్చి పేర్లు ముంచెత్తాయి. యోహన్నెస్, పీటర్, ఎలిజబెత్, మార్గరెట్. హీబ్రూ, గ్రీకు మూలాలవి. 1483 నవంబర్ 10న పుట్టిన పిల్లవాడికి మర్నాడు బాప్తిస్మం ఇస్తే, ఆ రోజు సెయింట్ మార్టిన్ పండగ కాబట్టి మార్టిన్ అని పెట్టారు. ఆయనే మార్టిన్ లూథర్. శివరాత్రినాడు పుట్టినవాడికి మనవాళ్లు ఏం పేరు పెడతారో చెప్పక్కర్లేదు కదా. నోట నానాక పేర్లు కుదించుకుపోయాయి. యోహన్నెస్ హాన్స్ అయ్యాడు, మార్గరెట్ గ్రేటె అయింది. ఫ్రీడ్రిష్ ఫ్రిట్స్, ఆడెల్‌హైడ్ హైడీ. హైన్రిష్, కోన్రాడ్ అనే పేర్లు ఎంత మందికి ఉండేవంటే, మనం దారినపోయే ఎల్లయ్య, పుల్లయ్య అన్నట్టు జర్మన్లు ఇప్పటికీ ‘హింట్స్, కున్ట్స్’ అంటారు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి మలుపు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో భక్తి ఉద్యమం నడిపిన ప్రొటెస్టెంట్లు జర్మన్ మాటలతోనే కొత్త పేర్లు కట్టారు. గాట్‌లీబ్ అంటే దేవునికి ప్రియుడు. ట్రౌగాట్ అంటే దేవుణ్ణి నమ్ము. ఫ్యూర్ష్టెగాట్ అంటే దేవునికి భయపడు. లేబెరెష్ట్ అంటే సరిగ్గా బతుకు. పిలిచినప్పుడల్లా పిల్లవాడికి ఒక ఆజ్ఞ! ఇవి వింటుంటే నా హాజరు పట్టీలోని కృపావరం, దేవసహాయం, ఆశీర్వాదం, సువార్తమ్మ కళ్లముందు నిలబడ్డారు. ఆ భక్తికి కేంద్రం హాలే పట్నం. అక్కడినుంచే బెంజమిన్ షుల్ట్‌జే మన వైపు వచ్చి, మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. ఆయన తిరిగి వెళ్లాక 1740ల్లో హాలేలోనే తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. మచిలీపట్నంలో నోబుల్ దిగిన మరుసటి ఏడు, 1842లో, గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ కూడా జర్మనీలో పుట్టి అమెరికాకు వలసపోయినవాడే. ఆయన పూర్తి పేరు యోహాన్ క్రిస్టియాన్ ఫ్రీడ్రిష్ హేయర్. మొదటిది హీబ్రూ, రెండోది గ్రీకు, మూడోది అచ్చ జర్మన్. జర్మన్ పేర్ల కథంతా ఆ ఒక్క మనిషిలో ఉంది.

కొన్ని పేర్లు చచ్చిపోతాయి కూడా. అడోల్ఫ్ అంటే ‘కులీనమైన తోడేలు’, పాత గౌరవమైన పేరే. 1945 తర్వాత ఆ పేరు పెట్టేవాళ్లు దాదాపు లేకుండా పోయారు. ఇప్పుడు అక్కడ గెర్ట్రూడ్, హైన్రిష్ అనేవి ముసలివాళ్ల పేర్లు. పిల్లల్లో నోవా, ఎలియాస్ ముందున్నారు. మన నోవహు, ఏలీయాలే. జర్మన్ పిల్లలు బైబిలు పేర్లతో, మా పల్లెపిల్లలు జర్మన్ పేర్లతో బడికి పోతున్నారన్నమాట.

మా అమ్మాయికి వచ్చిన చిక్కు ఇంకోటి. ఆసుపత్రి కాగితంలో ‘పేరు’ ఒక గడి, ‘ఇంటిపేరు’ ఇంకో గడి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ముందొస్తుంది, కొందరికి అసలు రాయించరు. అక్కడి గుమస్తా ఇంటిపేరుతో పిలిస్తే అల్లుడు, ఎవరినో పిలుస్తున్నారనుకుని కూర్చునే ఉన్నాడట.

గతంలో అక్కడ పేరు వినగానే ఆడో మగో తెలియాలని రిజిస్ట్రార్లు పట్టుబట్టేవారు. దాన్ని మార్చింది మన పేరే. భారత మూలాలున్న ఒక కుటుంబం కూతురికి కిరణ్ అని పెడితే కార్యాలయం ఒప్పుకోలేదు, ఆడపిల్లని తెలిసే రెండో పేరు జోడించమంది. తల్లిదండ్రులు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు. అలాంటి నిబంధన చట్టంలో లేదని, బిడ్డకు చేటు కానంతవరకు పేరు తల్లిదండ్రుల ఇష్టమని 2008 డిసెంబర్ 5న కోర్టు తేల్చింది. మా నూజివీడులో కిరణ్ అంటే మగపిల్లవాడే. ఉత్తరాదిలో ఆడపిల్లలకూ పెడతారు. జర్మన్ గుమస్తాకు ఇదంతా ఎవరు చెప్తారు!

గత కొన్నేళ్లుగా జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో మన దేశం వాళ్లే ఎక్కువ. చదువైపోయాక ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఇలాంటి ఫోన్లు ఇంకా చాలా ఇళ్లకు వస్తాయి. అమ్మమ్మలకూ నాయనమ్మలకూ నేను చెప్పేది ఇది. పేర్ల పుస్తకంలో అర్థం కోసం తెల్లవార్లూ వెతక్కండి. మీ ఇంట్లోని పేర్లలోంచి ఒక ముక్క బిడ్డకు ఇవ్వండి, పాత జర్మన్లు చేసిందీ అదే. జర్మనీలో బిడ్డ పుట్టిన వారంలోగా కార్యాలయానికి తెలియజేయాలి, పేరు నెలలోగా ఇవ్వాలి. మన ఇరవై ఒకటో రోజు బారసాల ఆ గడువులో సరిపోతుంది. ముహూర్తం అంతకు మించి వాయిదా వేయకండి.