ఇంట్లోనే కంప్యూటరు కూర్పు

బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనూ, చెన్నై రిచ్చీ వీధిలోనూ, ముంబయి లామింగ్టన్ రోడ్డులోనూ కంప్యూటరు భాగాలు విడివిడిగా అమ్ముతారని మన చదువరులలో చాలమందికి తెలిసిన సంగతే. వాటిని తెచ్చి ఇంట్లోనే కూర్చుకొంటానని మనవడో మేనకోడలో అంటే మాత్రం పెద్దలు జంకుతారు. జంకడంలో తప్పు లేదు. వేలు పోసి కొన్న మదర్‌బోర్డు ఒక్క ఇత్తడి ముక్క మూలంగా పాడైపోవచ్చును. అయినా పద్ధతి తెలిస్తే ఇది ఒక పూటలో తెమిలే పని.

మొదట ప్లగ్గు ఊడదీయవలె. నైలాను చీర, ఉన్ని శాలువ, తివాచీ ఇవన్నీ ఒంటికి స్థిర విద్యుత్తును అంటిస్తవి. మన చేతికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులు కావలె. చిప్పులు అంతకు ఎంతో తక్కువకే చెడిపోగలవు. కనుక మధ్యమధ్య పెట్టెలో రంగు లేని ఇనుప భాగాన్ని తాకుతూ ఉండండి.

ప్రాసెసరు, దాని ఫ్యాను, ర్యాము బల్లమీదనే బోర్డుకు బిగించుకోవడం సుఖం. బోర్డు వచ్చిన అట్టపెట్టెనే కింద పరచుకోవచ్చును.

ఇక అసలు కిటుకు. పెట్టెలోని రేకుకు ఇత్తడి స్టాండాఫులు ఉంటవి. బోర్డు వాటిమీద నిలిచి, రేకును తాకకుండా ఉండవలె. వెనుకనున్న టంకపు మొనలు లోహానికి తగిలితే షార్టే. 1995లో ఇంటెల్ వారు వెలువరించిన ఏ.టి.ఎక్స్. కొలతలో బోర్డు 305 మిల్లీమీటర్లకు 244, మైక్రో ఏ.టి.ఎక్స్. అయితే 244కు 244. రంధ్రాలు అన్నీ ఒకేచోట ఉండవు. వేరొక కొలతకై బిగించిన స్టాండాఫు మిగిలిపోతే, రంధ్రం లేనిచోట అది బోర్డు వెన్నుకు గుచ్చుకొంటుంది. బోర్డును పైన పట్టి సరిచూచి, అదనపు దానిని తీసివేయండి. హడావిడి పనివారు మరచేది ఇదే.

వెనుక రేకు విడిగా వస్తే దానిని ముందు నొక్కి, బోర్డును దించి, మరలన్నీ వదులుగా ఎక్కించిన పిమ్మటనే బిగించవలె. బలం చూపనక్కరలేదు.

తీగలలో పెద్దది 24 పిన్నులది. ప్రాసెసరు తీగ 8 పిన్నులది. పై మూలకు పోతుంది గనుక బోర్డు దించకముందే వెనుకనుంచి లాగి ఉంచుకోండి, తరువాత చెయ్యి దూరదు. గ్రాఫిక్స్ కార్డు తీగ కూడ 8 పిన్నులదే, కాని లోపలి వరుస వేరు. దూరడం లేదంటే అది ఆ చోటిది కాదన్నమాట, బలవంతపెట్టరాదు. హార్డుడిస్కుకు సాటా తీగలు రెండు: సమాచారానికి 7 పిన్నులది, కరెంటుకు 15 పిన్నులది.

ఓర్పు పరీక్షించేవి ముందుభాగపు సన్నని తీగలు. పవరు బొత్తానికి తలక్రిందుల భేదం లేదు. చిన్న దీపాలకు ఉన్నది. తిరగబడితే వెలగవు, అంతే, తిప్పి పెట్టండి. ముందు యు.ఎస్.బి. తీగకు 19 పిన్నులు, వంగితే తిన్నగా చేయడం ప్రాణసంకటం.

పాత ఇండ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నా లోపల ఎర్తు తీగ ఉండకపోవడం కద్దు. పెట్టె తాకితే జివ్వుమంటే ఎలక్ట్రీషియనును పిలవండి.

ఫ్యాను తిరిగి, తెర నల్లగానే ఉన్నదా? కరెంటు ఆపి ర్యాము తీసి, రెండు చివరలా టక్కుమనేదాకా నొక్కండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటరు తీగ దానికే తగిలించవలె, బోర్డుకు కాదు.