చిన్న రాయి, పెద్ద నొప్పి

బదిలీ మీద కొత్త ఊరు చేరగానే మనందరం ముందు అడిగేది "ఇక్కడ నీళ్లెలా ఉంటాయి?" అనే. కోల్‌కతా వచ్చినప్పుడు మేమూ అదే అడిగాం. ఎండాకాలంలో ఇక్కడ నీడన కూర్చున్నా చెమట ఆగదు. అలాంటి ఒక మధ్యాహ్నం మా తోటి మాస్టారు ఒకరు నడుము పట్టుకుని మెలికలు తిరిగిపోయారు. స్కానింగ్‌లో తేలింది కిడ్నీ రాయి. పరిమాణం 4 మిల్లీమీటర్లు, అంటే పెసరగింజంత!

మా క్వార్టర్స్‌లోనే ఒక పెద్దాయనకు 2 సెంటీమీటర్ల రాయి ఉంది. నొప్పి మాత్రం లేదు. ఇదెలా సాధ్యం?

ఆయుర్వేదంలో ఈ జబ్బు పేరు అశ్మరి. అశ్మం అంటే రాయి. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి సుమారు 25-30 సెంటీమీటర్ల మూత్రనాళం ఉంటుంది. దాని లోపలి దారి 3-4 మిల్లీమీటర్లే. మూడు చోట్ల అది ఇంకా ఇరుకు. రాయి మూత్రపిండంలోనే ఉండి మూత్రానికి అడ్డు రాకపోతే నొప్పి తెలియకపోవచ్చు. జారి నాళంలో ఇరుక్కుంటే మూత్రం వెనక్కి నిలిచి మూత్రపిండం ఉబ్బుతుంది, దాని పైపొర సాగుతుంది. రాయిని తోసేయాలని నాళం కండరాలు బిగుసుకుంటాయి. అందుకే నొప్పి తెరలు తెరలుగా వస్తుంది. నడుము దగ్గర మొదలై గజ్జల దాకా పాకుతుంది.

కాబట్టి నొప్పి తీవ్రతను రాయి పరిమాణం ఒక్కటే నిర్ణయించదు. అది ఎక్కడ ఉంది, దారిని ఎంత మూసింది, ఎంత హఠాత్తుగా మూసింది అన్నవి ముఖ్యం. మనిషిని బట్టి కూడా నొప్పి మారుతుంది.

మాస్టారి రాయి నాలుగు రోజుల్లో మూత్రంలో పడిపోయింది. పెద్దాయన మాత్రం "నొప్పి లేదుగా" అంటూ ఆరు నెలలు వాయిదా వేశారు. మళ్లీ స్కానింగ్ చేస్తే మూత్రపిండం వాచిపోయి ఉంది. దారి మెల్లగా మూసుకుంటే నొప్పి లేకుండానే మూత్రపిండం దెబ్బతినవచ్చు. నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయినట్లు కాదు. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లలూ, మీలో చాలామంది నీళ్ల సీసాను నిండుగానే ఇంటికి తీసుకెళ్లడం మేము చూస్తున్నాం. బడిలో బాత్‌రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయకండి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్లు చాలలేదని గుర్తు. చిప్స్, ఊరగాయల్లోని ఉప్పు కూడా తగ్గించండి. ఊరు మారితే నీటి రుచి మారవచ్చు, నీళ్లు తాగే అలవాటు మారకూడదు.