జీతం లేని కొలువు

సావనీరుకు ఒక వ్యాసం రాసి ఇవ్వాలని విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చి అడిగాడు. నేను బొగ్గు గనుల మనిషిని గనుక, "లాంగ్‌వాల్ మీద రాయండి సార్, పాత విద్యార్థులు కూడా చదువుతారు" అన్నాడు. లాంగ్‌వాల్ సంగతి మీ లెక్చరర్లు నాకంటే బాగా చెబుతారు. వారి సిలబస్‌లో లేనిదీ, నాకు కొంత తెలిసినదీ మరొకటి ఉంది. ఇంజనీర్ల వృత్తి సంఘాల్లో కమిటీ పని. పైసా రాని పని. ఇంట్లో వాళ్ళు "మళ్ళీ మీటింగా?" అని మొహం చిట్లించే పని. ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళకు మీలో కొందరినైనా ఎవరో ఒకరు వచ్చి ఇందులోకి లాగుతారు. అందుకని ముందే చెబుతున్నాను.

వృత్తి సంఘం అంటే ట్రేడ్ యూనియన్ కాదు. యూనియన్ జీతభత్యాల గురించి యాజమాన్యంతో మాట్లాడుతుంది. వృత్తి సంఘం పని వేరు. పనిలో నేర్చుకున్నది నలుగురికీ చెప్పడం, కొత్తవాళ్ళను పరీక్షించి సభ్యులుగా చేర్చుకోవడం, ఫలానా పని ఇలా చేయడం సరి, ఇలా చేయడం తప్పు అని ఒక మాట మీదికి రావడం. గనిలో ఉండే సేఫ్టీ కమిటీతో కూడా దీన్ని కలపకూడదు. సేఫ్టీ కమిటీ చట్టం పెట్టిన కమిటీ. మైన్స్ రూల్స్ ప్రకారం అది ఉండి తీరాలి, మేనేజరు కూర్చోవాలి, కార్మికుల ప్రతినిధులు కూర్చోవాలి. వృత్తి సంఘం కమిటీకి రమ్మని మాత్రం ఏ చట్టమూ చెప్పదు. రాకపోతే అడిగేవాడు లేడు. దాని బలమూ అదే, జబ్బూ అదే.

ఇవి ఎలా పుట్టాయో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే బొగ్గుకూ వీటికీ చుట్టరికం ఉంది. ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు బొగ్గు గనుల్లో పేలుళ్ళకు మనుషులు గుంపులు గుంపులుగా చచ్చిపోతుంటే, 1852లో అక్కడి గని ఇంజనీర్లు కొందరు కూడి, ప్రమాదాలను ఆపే మార్గాలు వెతకడానికి న్యూకాజిల్‌లో ఒక సంస్థ పెట్టుకున్నారు. రైలింజన్ల జార్జి స్టీఫెన్‌సన్‌తో కలిసి పనిచేసిన నికొలస్ వుడ్ దానికి మొదటి అధ్యక్షుడు. ఒక గనిలో ఏం జరిగిందో పక్క గనివాడికి తెలియకపోతే అదే ప్రమాదం మళ్ళీ జరుగుతుందన్నది వాళ్ళకు బోధపడింది. పోటీ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అమెరికా మైనింగ్ ఇంజనీర్ల సంస్థ పుట్టింది కూడా బొగ్గు ఊళ్ళోనే, పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారీలో, 1871లో. అదే 1871లో మన ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గును కనుగొన్నాడు. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు, తేదీలు కలిశాయి, అంతే. కాని ఇలాంటివి కనబడితే నాకు నోట్‌బుక్కులో రాసుకోవడం అలవాటు.

మన దేశంలో గనులవాళ్ళ సంస్థ 1906లో కలకత్తాలో మొదలైంది. అన్ని శాఖల ఇంజనీర్లకూ కలిపి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో ఏర్పడింది. 1916 నుంచి 1918 వరకు పనిచేసిన పారిశ్రామిక కమిషన్ కాలంలో మొలకెత్తిన ఆలోచన అది. ఆ కమిషన్‌కు అధ్యక్షుడైన థామస్ హాలండ్ భూగర్భ శాస్త్రవేత్త. 1935లో దానికి రాయల్ చార్టర్ వచ్చింది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది కూడా 1920లోనే, డిసెంబరు 23న. ఇదీ నోట్‌బుక్కులోకి ఎక్కింది.

ఇన్‌స్టిట్యూషన్‌లో పదిహేను శాఖలున్నాయి, మైనింగ్ అందులో ఒకటి. పైన కౌన్సిల్, దాని కింద రాష్ట్ర కేంద్రాలు, వాటి కింద స్థానిక కేంద్రాలు. మన రాష్ట్ర కేంద్రం హైదరాబాదులో ఖైరతాబాదులో ఉంది. పక్కనే చౌరస్తాలో విశ్వేశ్వరయ్య విగ్రహం. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు వచ్చి జలాశయాల పథకం వేసిన విశ్వేశ్వరయ్యే. ఆయన పుట్టిన రోజు సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినంగా జరుపుతాం. ఆ రోజు హాలు నిండుతుంది, భోజనం ఉంటుంది గనుక. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజుల సంగతే నేను చెప్పబోయేది.

ఇక మా గోదావరిఖని. చదువు పూర్తి చేసి 1986లో నేను ఇక్కడి బాయిలో దిగాను. మా దగ్గర గనిని బాయి అనే అంటారు, ఉద్యోగాన్ని బాయి పని అంటారు. ఇంత తక్కువ జాగాలో ఇన్ని రకాల ఇంజనీర్లు ఉండే ఊరు మన దగ్గర మరొకటి ఉందో లేదో. ఒక పక్క ఇంక్లైన్లూ ఓపెన్‌కాస్టులూ. జ్యోతినగర్‌లో ఎన్.టి.పి.సి., దాని మొదటి యూనిట్ 1983లో కరెంటు ఇచ్చింది. అంతకు ముందే 1971 నుంచి నడిచి, 2024లో మూతపడిన పాత అరవై రెండున్నర మెగావాట్ల స్టేషను. ఎరువుల ఫ్యాక్టరీ, అది 1999లో మూతపడి, కొత్త కంపెనీగా 2021లో మళ్ళీ మొదలైంది. బసంత్‌నగర్‌లో సిమెంటు. మైనింగు, మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, సివిల్, అందరూ పది పన్నెండు మైళ్ళ లోపలే. అయినా ఒకరి పని ఒకరికి తెలియదు. యైటింక్లైన్ కాలనీలో ఉండేవాడు బాయిలర్ లోపల ఎలా ఉంటుందో చూడకుండానే రిటైరవుతాడు. బాయిలర్ వాడు తను కాల్చే బొగ్గు ఏ లెవెల్ నుంచి వస్తుందో ఎరగడు.

నన్ను కమిటీలోకి లాగింది ఒక సీనియర్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. "నీ చేతిరాత బాగుంది, మినిట్స్ రాద్దువు గాని రావయ్యా" అన్నారు. అదే నా అర్హత. అప్పుడు తెలిసింది కమిటీ అంటే ఏమిటో. సభ్యులు తమలోనుంచి ఎన్నుకున్న పది పన్నెండు మంది. ఒక ఛైర్మన్, ఒక గౌరవ కార్యదర్శి. ఈ 'గౌరవ' అన్న మాటకు జీతం లేదని అర్థం. ఉపన్యాసాలు ఏర్పాటు చేసేది ఒక ఉపసంఘం, లెక్కలు చూసేది ఒకటి, పరీక్షలకు చదువుకునేవాళ్ళను చూసుకునేది ఒకటి. అసలు పని ఏమిటంటే హాలు అడగడం, మైకు సెట్టు తేవడం, వక్తను చౌరస్తాలో బస్సు దగ్గర నుంచి ఎక్కించుకురావడం, టీ లెక్క. వీటన్నిటికంటే కష్టం కోరం. సాయంత్రం ఆరింటికి మీటింగు పెడితే మొదటి షిఫ్టు వాడు నిద్ర మొహంతో వస్తాడు, సెకండ్ షిఫ్టు వాడు బాయిలో ఉంటాడు, నైట్ షిఫ్టు వాడు ఇంకా లేవడు. ఆదివారం పెడదామంటే ప్లే డే డ్యూటీ. మా మినిట్స్ పుస్తకంలో 'కోరం లేనందున అరగంట వాయిదా వేసి తిరిగి సమావేశమైనది' అన్న వాక్యం ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు.

విజిటింగు కార్డు మీద పేరు పక్కన నాలుగక్షరాలు చేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళను నేను తప్పు పట్టను. వచ్చినవాళ్ళలో ముగ్గురు పని చేసినా చాలు. కాని ఫొటోలో ముందు వరసలో కూర్చుని కుర్చీలు సర్దేవేళకు మాయమయ్యేవాళ్ళంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

మరి ఇదంతా దేనికి? ఒక సాయంత్రం గుర్తుంది. విద్యుత్ కేంద్రం నుంచి వచ్చిన ఒకాయన బూడిద మీద మాట్లాడాడు. వినడానికి మైనింగ్ వాళ్ళం ఎనిమిది మందిమి. బొగ్గు తీసిన ఖాళీని మేము గోదావరి ఇసుకతో నింపేవాళ్ళం. స్టోయింగ్ అంటాం. నీళ్ళతో కలిపి పైపుల్లో కిందికి పంపితే ఇసుక నిలబడుతుంది, నీరు బయటికి పోతుంది. ఆయన దగ్గరేమో గుట్టలు గుట్టలుగా బూడిద. బూడిదనే నింపకూడదా అని ఎవరో అడిగారు. సన్నని ఫ్లై యాష్ నీటిని తొందరగా వదలదు, అడ్డు గోడ మీద భారం పెరుగుతుంది, బాయిలర్ అడుగున పడే ముతక బూడిదైతే కొంత ఇసుక లాగే ఉంటుంది అని బోర్డు మీద గీసి చూపించాడు. రాత్రి పదయింది. వాచ్‌మన్ వచ్చి తాళం వేయాలన్నాడు. ఆ మాట ఆ రోజు ఏ ఆఫీసులోనూ ఫైలు మీద వచ్చేది కాదు, ఎందుకంటే ఆ ఎనిమిది మందికీ ఆయనకూ మధ్య ఏ ఫైలూ లేదు.

అన్ని సాయంత్రాలూ అలాంటివి కావు. కాని కొన్ని విషయాలు మళ్ళీ మళ్ళీ మాట్లాడక తప్పదు. 1975 డిసెంబరు 27న బీహారులోని చస్నాలా గనిలోకి పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది పోయారు. నేను చదువుకునే రోజుల్లో ప్రతి మైనింగ్ విద్యార్థికీ ఆ పేరు తెలుసు. 2003 జూన్ 16న మా గోదావరిఖని సెవెన్ ఎల్.ఇ.పి.లో నీరు వచ్చి 17 మంది పోయినప్పుడు ఆ పేరు మళ్ళీ వినవలసి వచ్చింది. పాత పనుల ప్లాను, సర్వేయరు గీత, నీటికీ మనకూ మధ్య వదిలిన బొగ్గు మందం, వీటి మీద ఎన్నిసార్లు మాట్లాడినా ఎక్కువ కాదు. పై అధికారి ముందు "ఈ ప్లాను మీద నాకు నమ్మకం లేదు" అనడం ఆఫీసులో కష్టం. వృత్తి సంఘం మీటింగులో అది ఒక సాంకేతిక ప్రశ్న అవుతుంది. అవాలి. ఎప్పుడూ అవుతుందని నేను చెప్పలేను. జనరల్ మేనేజరు ముందు వరసలో ఉంటే వెనుక వరస కొంత మౌనంగానే ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. దాని కోసమే ఈ వ్యాసం ఒప్పుకున్నాననుకోండి.

ఆ రోజుల్లో కాలేజీకి వెళ్ళే వీలు లేక డిప్లొమాతోనో, అది కూడా లేకుండానో బాయిలో చేరినవాళ్ళకు ఏ.ఎం.ఐ.ఇ. ఒక్కటే దారి. సెక్షన్ ఏ, సెక్షన్ బి. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. రెండూ దాటితే ఇంజనీరింగు డిగ్రీతో సమానంగా ప్రభుత్వం గుర్తించేది. షిఫ్టు చేసి వచ్చి, క్వార్టరులో పిల్లలు పడుకున్నాక వంటింట్లో దీపం కింద చదివేవాళ్ళు. మా కమిటీలో కొందరం సాయంత్రాలు లెక్కలూ మెకానిక్సూ చెప్పేవాళ్ళం. ఫారాల మీద సంతకాలు పెట్టి, అన్నీ ఒక కట్టగా పోస్టు చేసే పని నాది.

1996లో ఒక ఓవర్‌మన్, నాకంటే ఎనిమిది తొమ్మిదేళ్ళు చిన్నవాడు, చివరి రెండు పేపర్లకు ఫారం నింపి, డి.డి. తీసి, నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని టేబులు సొరుగులో వేశాను. ఆ వారం మా బాయిలో పని ఒత్తిడి ఎక్కువ, ఇంట్లో చుట్టాలు. సొరుగు మళ్ళీ తెరిచేసరికి ఆఖరు తేదీ దాటి నాలుగు రోజులయింది. ల్యాంప్ రూము దగ్గర ఎదురుపడి, "సార్, నా ఫారం పోయిందా?" అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. క్యాప్ ల్యాంపు నడుముకు కట్టుకుంటూ కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఇగ ఆర్నెల్లు ఆగాలె గద సార్" అన్నాడు. అంతే. తిడితే బాగుండేది. నాకు జీతం లేదు, నిజమే. అతని ఆరు నెలలకూ ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆ ఆరు నెలల్లో వచ్చిన ఒక ప్రమోషన్ జాబితాలో అతని పేరు లేదు. దాన్ని సరిచేసే అధికారం మా కమిటీకి లేదు, ఏ కమిటీకీ లేదు.

తరువాత మీటింగులో నా పేరుతోనే మినిట్స్‌లో రాయించాను. ఛైర్మన్ వద్దన్నారు, 'పొరపాటు జరిగినది' అని రాస్తే చాలన్నారు. నేను వినలేదు. ఆ రోజు నుంచి ఫారం తీసుకున్నవాడు రసీదు రాసి ఇవ్వాలి, పోస్టు చేసిన తేదీ నోటీసు బోర్డు మీద వేయాలి అని నియమం పెట్టుకున్నాం. చిన్న నియమం. చాలాకాలం నడిచింది.

ఆ దారి కూడా ఇప్పుడు పాత దారి కాదు. డిగ్రీతో సమానమన్న గుర్తింపును 2013 మే 31 వరకు చేరినవాళ్ళకే కేంద్ర ప్రభుత్వం పరిమితం చేసింది. నాణ్యత గురించి వాళ్ళు చెప్పిన కారణాల్లో కొంత నిజం ఉండవచ్చు. కాని షిఫ్టు దిగి వచ్చి చదువుకునేవాడికి అంత చవకగా మరో దారి ఎవరూ వేయలేదన్నది కూడా నిజమే. దాంతో మా సాయంత్రం క్లాసులు పలచబడి, ఆగిపోయాయి.

మీరు చేయగలిగింది ఉందా అంటే, ఉద్యోగం వచ్చేదాకా ఆగనక్కర లేదు. విద్యార్థి శాఖలు ఉంటాయి, మీ కాలేజీలో లేకపోతే అడగండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. మీరు పరీక్షల్లో కంఠస్థం చేసే ఐ.ఎస్. కోడ్లను ఎక్కడో కూర్చున్న గుమాస్తాలు రాయరు. వివిధ సంస్థల నుంచి వచ్చిన ఇంజనీర్లూ అధ్యాపకులూ కమిటీల్లో కూర్చుని రాస్తారు, ముసాయిదాను అందరి అభిప్రాయానికీ పంపుతారు. మీ లెక్చరరుతో కలిసి ఒక ముసాయిదా చదివి, తప్పు కనబడితే రెండు వాక్యాలు రాసి పంపండి. జవాబు రాకపోవచ్చు. ఐనా పంపండి.

ఆ ఓవర్‌మన్ మరుసటి దఫాలో రెండు పేపర్లూ పాసయ్యాడు. తరువాత సెకండ్ క్లాసు సర్టిఫికేటు, కొన్నాళ్ళకు ఫస్ట్ క్లాసు కూడా తెచ్చుకున్నాడు. ఇప్పుడు మా కమిటీకి కోశాధికారి ఆయనే. మొన్న ఇంజనీర్ల దినానికి నేను పెట్టిన టీ ఖర్చు బిల్లు ఇస్తే కళ్ళజోడు సవరించుకుని చూసి, "తారీఖు వెయ్యలేదు సార్" అని నా చేతికే తిరిగి ఇచ్చాడు.