పెద్ద ఇల్లు... ఒక్క కంచం

2025 సంక్రాంతికి అమ్మ దగ్గరికి వెళ్లాను. విజయవాడలో బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడిలో దిగితే, మా ఊరు ఆటోలో పావుగంట. పండగ మూడు రోజులూ వీధి పొడవునా కార్లే! ముక్కనుమ వెళ్లిన మర్నాటికి ఒక్కటీ లేదు. ఆ రాత్రి ఊరికే కూర్చోలేక దీపం వెలుగుతున్న ఇళ్లు లెక్కపెట్టాను. పదకొండిళ్లలో నాలుగు. నాలుగింట్లోనూ అరవై దాటిన ఆడవాళ్లే.

నా చిన్నప్పుడు మా ఇంట్లో పూటకి పన్నెండు విస్తళ్లు లేచేవి. ఇప్పుడు అమ్మ ఒక్కతే, గుప్పెడు బియ్యం కడుగుతుంది. లోటుందా అంటే లేదు. అమెరికా నుంచి తమ్ముడు మూడు నెలల్లో పంపేది, రెండెకరాల మీద ఏడాదికొచ్చే కౌలు డబ్బుతో సమానం. ఊళ్లో డబ్బు పెరిగింది. తినేవాళ్లే తగ్గారు.

మీ పుట్టింటి ఊళ్లోనూ ఇంతేనేమో! పాత కృష్ణా జిల్లా జనాభా 2001లో దాదాపు 41.9 లక్షలు, 2011లో 45.2 లక్షలు. పెరిగారు కదా అనుకుంటాం. కానీ పల్లెల్లో ఉన్నవాళ్లు నూటికి 68 మంది నుంచి 59కి పడిపోయారు. అంటే పల్లెజనం లక్షన్నరకి పైగా తరిగారన్నమాట. కొన్ని ఊళ్లు పట్టణాల లెక్కలో చేరడం కూడా ఇందులో ఉందనుకోండి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి నిబంధనను 2024లో తీసేశారు. ఆ మాట చెబితే అమ్మ నవ్వింది. "కనే వయసువాళ్లు ఊళ్లో ఉంటే కదే!"

ఉన్నవాళ్ల సంగతి వేరు. మా పొలం కౌలుకి చేసే ఆయన భార్య మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఆవిడకి నా వయసే ఉంటుంది.

"కోత మిషనొచ్చాక మమ్మల్ని కోతలకి పిలిచేదెవరండీ? ఇదివరకు కోతలూ నూర్పిళ్లూ అయ్యేసరికి ఏడాది తిండిగింజలు ఇంటికొచ్చేవి. ఇప్పుడు మిషనుకి మేమే గంటల లెక్కన కట్టుకోవాలి. మీ బస్తాలు కొలిచేశాక మినుము మీద మిగిలితేనే మాకండీ" అంది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. ఆ ఏడు కూడా కౌలు కొలిచారు. నేను అడగలేదు, వద్దనీ అనలేదు. ఆ డబ్బులోంచే మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆవిడ వచ్చింది సంతకం కోసం. 2019లో వచ్చిన చట్టం ప్రకారం కౌలుదారుకి సాగు హక్కు కార్డు రావాలంటే భూమి గలవాళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టాలి. కార్డుంటే బ్యాంకులో పంట అప్పు అడగొచ్చు, పంట పోతే పరిహారానికి పేరు రాయించుకోవచ్చు. లేకపోతే వడ్డీ వ్యాపారి గుమ్మమే గతి.

"రేపు పొలం మాదేనంటే?" అని అమ్మ భయం. ఒప్పందం పదకొండు నెలలకేననీ, భూమి మీద మన హక్కు ఎక్కడికీ పోదనీ చదివి వినిపించాను.

"తమ్ముణ్ని ఓమాటు అడుగుదాం" అంది.

"పొలం నీ పేరునే ఉంది కదమ్మా!"

అమ్మ పలకలేదు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "వచ్చే సార్వాలోపు అయితే చాలండి" అని కాగితం అరుగు మీద పెట్టి వెళ్లింది.

నేను బస్సుకి బయల్దేరేటప్పటికి అది దేవుడి గూట్లో, కుంకుమభరిణ కింద ఉంది. సంతకం చోటు ఖాళీగానే ఉంది.