మెరుపు ఎక్కిచ్చుడు గాదు, పొర గీకుడు

హైదరాబాద్‌ల సెకండ్ హ్యాండ్ పెద్ద కార్ల దుకాణాలకు పోతే ఒక్కటే సీను. ఏడెనిమిదేండ్లు తిరిగిన బెంజో, బీఎండబ్ల్యూనో, ఆడీనో అద్దం లెక్క మెరుస్తుంటది. డోర్ తీస్తే తోలు వాసన. కొత్తల యాభై అరవై లక్షలు పలికిన బండి ఇప్పుడు పదిహేను ఇరవైకి నిలవడ్తది. కొనేది కోటీశ్వరులే అనుకోవద్దు. రోడ్డుకు భూమి పోయి నాలుగు పైసలు చూసిన రైతు కొడుకు, చిన్న కాంట్రాక్టరు, ఈఎంఐల మీద బతికే సాఫ్ట్‌వేర్ పిలగాడు గూడ ఉన్నరు. వాళ్లు కొనేది ఇంజనును చూసి గాదు, ముందుగాల ఆ మెరుపును చూసి.

కూలోళ్ల ముచ్చట్లు రాసేటోడు బెంజ్ కారు పాలిష్ గురించి రాసుడేందని కొందరు నవ్వుతరు. నవ్వున్రి. ఆ బండి మీద మూడు దినాలు వంగి మిషను వట్టేది పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చిన పోరగాడే. ఇటు కొనేటోని పైసలు, అటు చేసేటోని పానం, రెండూ ఆ మెరుపు కిందనే ఉన్నయి. గందుకే ఈ పని ఎట్ల జరుగుతదో విడమరిచి చెప్పాలె.

ముందుగాల ఒక మాట మనసుల వెట్టుకోవాలె. పాలిష్ అంటే కారుకు ఏదో పూసుడు గాదు. ఉన్నదాన్ని గీకుడు. కారు రేకు మీద మొదలు తుప్పు ఆపే పొర ఉంటది, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్న పైన రంగు లేని గాజు అసొంటి పొర. దాన్నే క్లియర్ కోట్ అంటరు. కంపెనీల వేసిన పొరలన్నీ కలిపితే మామూలుగ 100 నుంచి 150 మైక్రాన్లు. అండ్ల క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం ఉంటది. అంటే వెంట్రుక కన్న పల్చటి పొర మీద ఈ యాపారమంత నడుస్తున్నది. ఎండను ఆపే మందు గూడ గా పొరలనే ఉంటది. అది పల్చవడ్డదంటే రెండు మూడు ఎండకాలాలకు బానెట్టు మీద, టాపు మీద తెల్లగ పొక్కులు లేసి పొట్టు రాలినట్టు రాల్తది. అసొంటి బండ్లు మన రోడ్ల మీద మస్తు కనవడ్తయి.

మరి గీతలు ఏడికెల్లి వస్తయి? దుమ్ముకెల్లి. హైదరాబాద్ గ్రానైటు గుట్టల మీద కట్టిన ఊరు. యాడ జూసినా బండలు పలగ్గొట్టుడు, కట్టుడు. ఆ దుమ్ముల ఉండే పలుగురాయి క్లియర్ కోట్ కన్న ఎంతో గట్టిది. డ్రైవరు పొద్దుగాల పొడి గుడ్డతోని బండిని తుడిచిండంటే సన్నటి ఉప్పు కాయితంతోని రుద్దినట్టే. ఒకపాలి ఎండల నిలవెట్టి సూర్యుని బింబం చుట్టూ చూడున్రి, సాలెగూడు లెక్క గుండ్రంగ గీతలు కనవడ్తయి. నల్ల బండి మీదైతే మరీ కొడ్తయి.

ఈడ ఒక మాట అనకుంటే నాకు నిద్ర వట్టది. అపార్ట్‌మెంట్లల్ల బండ్లు కడిగేటోళ్లు గీతలు వెట్టిండ్రని ఓనర్లు తిడ్తరు. ఒక్క బకెటు నీళ్లు, ఒక్క గుడ్డ, తెల్లారకముందు పది పదిహేను బండ్లు. నీళ్లు ఎక్కువ వాడితే అసోసియేషనోళ్లు ఊకోరు. రెండో బకెటు, రెండో గుడ్డ ఇయ్యనోడు గీతల గురించి మాట్లాడొద్దు.

సరే, పని కాడికి వద్దాం. మంచి దుకాణంల మొదలు నురగ కొట్టి దుమ్మును నానవెడ్తరు. ఒక బకెట్ల షాంపూ, ఇంకో బకెట్ల గుడ్డ జాడిచ్చే నీళ్లు. నీడల్నే కడుగుతరు. ఎండకు కాలిన రేకు మీద నీళ్లు ఇట్టె ఆరిపోయి తెల్ల మచ్చలు వడ్తయి. మన బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ, అండ్ల ఈ మచ్చలు మరీ ఎక్కువ. ఆ తర్వాత బ్రేకులకెల్లి లేసి అతుక్కున్న ఇనుప రజను తియ్యనీకి ఒక మందు కొడ్తరు. అది ఇనుము తాకంగనే ఊదా రంగుకు మారి బండి పొంట కారుతది. చూడనీకి మంచిగుంటది గని వాసన ముక్కు బద్దలు చేస్తది. బ్యూటీ పార్లర్ల జుట్టు వంకులు తిప్పనీకి వాడే రసాయనం జాతిదే అది. ఇంకా మిగిలిన మురికిని బంకమట్టి అసొంటి ముద్దతోని, సబ్బు నీళ్లు కొట్టుకుంట రుద్ది తీస్తరు. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి కడిగిన బండి మీద తడిమి చూడున్రి, ఇసుక లెక్క గరుకు తగుల్తది. ఆ గరుకును తీసేదే ఆ ముద్ద పని.

అప్పుడొస్తది మిషను. పాత డెంటింగ్ పెయింటింగ్ షెడ్లల్ల ఉండేది ఒక్క తీరున గిర్ర తిరిగే బఫ్ మిషను. దాని కింద ఉన్ని ప్యాడు, మీద ముతక కంపౌండు. పని జల్ది అయితది గని ఒక్క చోట రెండు మూడు సెకండ్లు ఎక్కువ ఆపితే రంగు కాల్తది. అంచుల కాడ, మడతల కాడ పొర మరింత పల్చగుంటది, ఆడ ఇట్టె రంగు దాక దిగుతది. దిగినంక మళ్లా పెయింటు కొట్టుడే, వేరే తొవ్వ లేదు. ఇప్పుడు మంచి దుకాణాలల్ల తిరుక్కుంటనే అటిటు ఊగే మిషను వాడ్తరు. దాని తోని వేడి తక్కువ, కాల్చే భయం తక్కువ, టైమే ఎక్కువ. చేతనైనోడు అంచులకు టేపు వేసి, రెండడుగుల జాగల మొదలు సన్నటి మందుతోని పట్టి చూస్తడు. దానికి గీత పోకుంటేనే ముతకదానికి పోతడు. చేతగానోడు నేరుగ ముతకదే అందుకుంటడు.

జర్మనీ బండ్ల క్లియర్ కోట్ చాలావరకు గట్టిది. బెంజ్ కంపెనీ 2003 ఆఖరుల ఇంకా గట్టి నానో క్లియర్ కోట్ తెచ్చింది. గీతలు తక్కువ వడ్తయి, నిజమే. పడ్డ గీత తియ్యాలంటే మాత్రం పనోనికి నడుము ఇరుగుతది. సాయంత్రానికల్ల బండి కావాలె అని సేటు ఒర్రుతుంటే మిషను మీద బరువేసి ఒత్తుతడు. ఒక్కో తూరి గట్టిగ కంపౌండు కొడితే రెండు మూడు మైక్రాన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పోతయి. ముగ్గురు ఓనర్లు, ముగ్గురు డీలర్లు మారిన బండికి ఎన్ని తూర్లు కొట్టి ఉంటరో లెక్కేసుకోన్రి.

ఇంకో తరీఖ ఉంది, అది మోసం కిందికే వస్తది. గీతలు తియ్యరు, కప్పుతరు. నూనె తీరు ఉండే గ్లేజ్ పూస్తే గీతలల్ల నిండి బండి తళతళ మెరుస్తది. నాలుగు తూర్లు కడిగినంక గీతలు మళ్లా లేస్తయి. కనుక్కునుడు అల్కనే. మెడికల్ షాపుల దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు సగం, నీళ్లు సగం కలిపి, మెత్తటి గుడ్డకు తడిపి ఒక మూలకు తుడవమని డీలర్‌నే అడుగున్రి. తుడిచిన జాగల గీతలు తేలితే కథ అర్థమైనట్టే.

పెయింటు మందం కొలిచే మీటరు గూడ అడగాలె. బండంత 120 సూపిచ్చి ఒక్క డోరు 250, 300 సూపిస్తే దానికి మళ్లా పెయింటు వడ్డది. వెయ్యి దాటిందంటే కింద పుట్టి నిండి ఉన్నది, అంటే గట్టిగనే తాకింది. మళ్లొకటి, పెద్ద బండ్లల్ల చాలా వాటికి బానెట్టు అల్యూమినియంది ఉంటది. ఇనుము మీదనే పనిచేసే చవ్వ మీటరు ఆడ ఏం సూపియ్యది. బంపర్లు ప్లాస్టికువి, వాటి మీద మామూలు మీటరు పనిచెయ్యనే చెయ్యది. అటు 80 కన్న తక్కువ సూపిస్తే ఇప్పటికే బాగ గీకిండ్రని అనుమానపడాలె. అసొంటి బండిని మళ్లా పాలిష్ చేపియ్యొద్దు, గీతలతోనే నడుపుకోవాలె.

సిరామిక్ కోటింగు గురించి ఒక్క మాట. 9హెచ్ గట్టిదనం అని బోర్డు వెడ్తరు. వజ్రమంత గట్టిదేమో అనుకుంటరు జనం. ఆ హెచ్ అనేది పెన్సిలు లెక్క. ఎంత గట్టి పెన్సిలుతోని గీస్తే గీత వడ్తదో చూసే పరీక్ష అది. కోటింగు మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. నీళ్లు జారుతయి, కడుగుడు అల్కగైతది, పిట్ట రెట్టను కొంతసేపు ఆపుతది. తాళంచెవి గీతను మాత్రం ఆపది.

ఇగ లోపలి ముచ్చట. తోలు సీటు మెరుస్తుందంటే మంచిగున్నట్టు గాదు, చెమట, తలనూనె పట్టినట్టు. కడిగిన తోలు మెరవది, మామూలుగ ఉంటది. ఈ కార్ల తోలు మీద దాదాపు అన్నిట్ల రంగు, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటయి. ఘాటు మందుతోని, మ్యాజిక్ స్పాంజితోని రుద్దితే ఆ పొరనే పోతది. మెత్తటి బ్రష్షు, తక్కువ నురగ, తడి గుడ్డ చాలు. టాపు లోపలి బట్ట బంకతోని అతికిచ్చి ఉంటది, దాన్ని నానవెడితే సంచి లెక్క ఏలాడ్తది. స్టీరింగుకు, పెడల్లకు మెరుపు నూనె పూసేటోన్ని దుకాణంలకెల్లి ఎల్లగొట్టాలె. చెయ్యి జారితే పానం పోతది.

లోపలి క్లీనింగు అసలు గుట్టు వేరే ఉన్నది. 2015 డిసెంబర్ల చెన్నై మునిగింది, 2020 అక్టోబర్ల మన హైదరాబాద్ కాలనీలు మునిగినయి. మునిగిన బండ్లకు ఇన్సూరెన్సోళ్లు పైసలు కట్టి వేలం వేస్తరు. కొన్నోళ్లు సీట్లు, కార్పెట్లు ఇప్పి, కడిగి, ఆరవెట్టి మళ్లా బజార్ల వెడ్తరు. పెద్ద బండ్లల్ల కంప్యూటర్ డబ్బాలు, వైర్ల కట్టలు సీట్ల కింద, కార్పెట్ కిందనే ఉంటయి. ఇయ్యాల నడుస్తది, ఆర్నెల్లకు లోపట తుప్పు తిని ఒక్కొక్క లైటు ఎల్గుతది, ఒక్కో డబ్బాకు లక్షల బిల్లు. గందుకే సీటు బెల్టును ఆఖరి దాక గుంజి చూడున్రి, బురద చార ఉంటదేమో. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంతల ఒండ్రు చూడున్రి. సెంటు వాసన అతి ఎక్కువ ఉంటే అదే ఒక గుర్తు. దాచిపెట్టి అమ్మిన డీలరు మీద 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్ల కేసు వెయ్యొచ్చు. 50 లక్షల లోపు కొన్నదైతే ఆడికే పోవాలె. ఓనర్ కాడ నేరుగ కొంటే మాత్రం ఈ తొవ్వ పనికిరాదు. డీలర్ బిల్లు ఇయ్యకుంటే బండి తీసుకోవద్దనేది గందుకే.

ఇప్పుడు పనోని పానం సంగతి. మిషను దినమంత పడితే ఆ వణుకుకు వేళ్లు తిమ్మిరెక్కుతయి, రాత్రి గిన్నె పట్టుకున్నా జారుతది. కంపౌండు రజను ముక్కుల్ల, ఊపిరితిత్తులల్ల. మూసిన గదిల కోటింగు పూస్తే దాని ఘాటుకు గుడ్డ మాస్కు పనిచెయ్యది, బొగ్గు ఫిల్టరున్న మాస్కు ఉండాలె. వాసన పోనీకి వెట్టే ఓజోన్ మిషను నడిచేటప్పుడు బండిల మనిషి ఉండొద్దు, ఆపినంక డోర్లు తెరిచి గాలి ఆడనియ్యాలె. కాని నేను తిరిగిన దుకాణాలల్ల మిషను ఆపంగనే పోరగాడు లోపటికి దూరుతడు.

అన్నిటికన్న చెడ్డది చక్రాలు కడిగే యాసిడు. కొన్నిట్ల హైడ్రోఫ్లోరిక్ యాసిడో, దాన్ని పుట్టిచ్చే ఫ్లోరైడు ఉప్పో ఉంటది. అల్యూమినియం చక్రం నిమిషంల తెల్లగైతది. చేతి మీద పడితే మామూలు యాసిడు లెక్క అప్పుడే మండది, గదే దాని మోసం. పల్చటిదైతే గంటలు గడిచినంక నొప్పి షురూ అయితది. అప్పటికి అది తోలు దాటి లోపటికి పోయి ఒంట్ల కాల్షియాన్ని గుంజుతుంటది. ఎముకను తింటది, ఎక్కువ పడితే గుండె ఆగుతది. పడంగనే ధార నీళ్ల కింద కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్లు రుద్ది, దవాఖానకు ఉరకాలె.

పదిమంది పనిచేసే దుకాణానికి ఈఎస్ఐ వర్తిస్తది. నెలకు 21 వేల లోపు జీతమున్న ప్రతి పనోనికి కార్డు ఉండాలె. సేటు కట్టేది జీతంల 3.25 శాతం, పనోడు కట్టేది 0.75 శాతం. ఒక్క పెద్ద బండి కోటింగుకు తీసుకునే పైసలతోని పోలిస్తే అది ఎంత? అయినా కార్డులు లేవు, ఎందుకంటే రిజిస్టర్ల తొమ్మిది మందే ఉంటరు, మిగిలినోళ్లు "నేర్చుకునేటోళ్లు".

మీ బండిని అసొంటి దుకాణంల ఇచ్చేటోళ్లు రేటు అడిగేటప్పుడు ఇంకో రెండు అడగున్రి. చక్రాల మందు డబ్బాను చూపియ్యమనున్రి, జెల్లు ట్యూబు ఏడ ఉన్నదో చూపియ్యమనున్రి. చాలా దుకాణాలల్ల ఆ మందు కూల్‌డ్రింకు సీసల్ల పోసి ఉంటది, పేరుండదు, చీటీ ఉండదు. చెయ్యి కాలిన పోరగాడు గాంధీ దవాఖానకు పోతే, ఏం పడ్డదని డాక్టరు అడిగితే, "సార్, టైరు పాలిష్ నీళ్లు" అంటడు.