అంతరిక్షంలో ఎస్టీడీ బూత్!

‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చూశారా? స్టాన్లీ క్యూబ్రిక్ సినిమా. 1968లో, అంటే మనిషి ఇంకా చంద్రుడి మీద కాలు పెట్టకముందే వచ్చింది. అందులో డాక్టర్ ఫ్లాయిడ్ చంద్రుడి మీదకి వెళ్తూ దారిలో స్పేస్ స్టేషన్‌లో ఆగుతాడు. భూమ్మీదున్న తన చిన్నారి కూతురికి వీడియో కాల్ చేస్తాడు. అప్పుడే వీడియో కాల్! భలే ఊహించారు కదా?

అయితే ఆ కాల్ కోసం ఆయన ఓ బూత్‌లోకి వెళ్లి కూర్చోవాలి. మాట్లాడటం అయ్యాక తెర మీద బిల్లు పడుతుంది... 1 డాలరు 70 సెంట్లు. ఎస్టీడీ బూత్‌లో ఎర్ర అంకెలు పరిగెడుతుంటే గుండె దడదడలాడుతూ మాట్లాడిన మీ అమ్మానాన్నలకి ఈ సీన్ చూపించండి. ఇట్టే గుర్తుపడతారు.

ఆ బూత్ మీద బెల్ సిస్టమ్ గుర్తు ఉంటుంది. అప్పట్లో అమెరికా టెలిఫోన్లు దాదాపు వాళ్ల గుప్పిట్లోనే. ఇంట్లో ఉన్న ఫోన్ కూడా మనది కాదు, కంపెనీకి అద్దె కట్టాల్సిందే. 1964లో వాళ్లే నిజంగా ‘పిక్చర్‌ఫోన్’ బూత్‌లు తెరిచారు. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కి 3 నిమిషాలు మాట్లాడితే 16 డాలర్లు! సినిమా వాళ్లు ఆ బూత్‌నే చవక చేసి ఆకాశంలో పెట్టినట్టుంది. అసలు 2001 వచ్చేసరికి బెల్ సిస్టమే లేదు, 1984లో ముక్కలైపోయింది. ఫ్లాయిడ్ ఎక్కి వచ్చిన పాన్ యామ్ కూడా 1991లో మూతపడింది.

ఫోన్‌కి తెర తగిలించడం తేలిక. అదే ఫోన్ గోడని, వైరుని వదిలేసి మనిషికొకటి చొప్పున జేబుల్లోకి దూరుతుందని ఊహించడమే కష్టం. తమాషా ఏంటంటే, పుట్టినరోజుకి ఏం కావాలని నాన్న అడిగితే ఆ పాప ఫోన్ కావాలంటుంది! ఇంట్లో బోలెడున్నాయి కదా, ఇంకేదైనా అడగమంటాడు నాన్న. మొత్తం సినిమాలో భవిష్యత్తు సరిగ్గా తెలిసింది ఆ పిల్లకే అనిపిస్తుంది నాకైతే. (ఆ పాప క్యూబ్రిక్ సొంత కూతురు వివియన్.)

మిగతావాళ్లూ అంతే. 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’లో కథ జరిగేది 2019లో. హీరో మాత్రం బార్‌లో డబ్బులు కట్టే వీడియో ఫోన్ వెతుక్కుంటాడు. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్ 2’లో అయితే 2015లో కార్లు ఎగురుతుంటాయి. ఉద్యోగం ఊడిందన్న కబురు ఫ్యాక్స్‌లో వస్తుంది!

నాకు బాగా నచ్చింది మాత్రం రాబర్ట్ హైన్‌లైన్ 1953లో రాసిన ‘స్టార్‌మ్యాన్ జోన్స్’ నవల. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ, అందులో కంప్యూటర్. కానీ అంకెల్ని ఆ కంప్యూటర్‌కి అర్థమయ్యే సున్నాలు, ఒకట్లుగా మనుషులే మార్చివ్వాలి, అదీ అచ్చు పుస్తకాల్లో పట్టికలు చూసి. నవ్వొస్తుంది కదా! ఆ పాత పద్ధతి మీదే కథంతా నిలబడింది. ఓడ దారి తప్పుతుంది, పుస్తకాలు మాయమవుతాయి. ఓడలో జంతువులకి మేత వేసే పనిలో చేరిన మ్యాక్స్‌కి ఆ పట్టికలన్నీ కంఠతా వచ్చు. వాడే అందర్నీ వెనక్కి తీసుకొస్తాడు. ఆ లెక్కేదో కంప్యూటరే చేసుకుని ఉంటే, మ్యాక్స్ చివరి పేజీ దాకా మేత వేస్తూనే ఉండేవాడు.